పెరటికోళ్లకు కాపలా

పెరట్లో నాలుగు కోళ్లున్న ఏ ఇంటికి పోయినా కోడిపిల్లల లెక్క ఒకే తీరుగా వినబడుతుంది. పన్నెండు గుడ్లు పొదగేస్తే పది పిల్లలు లేచాయి. వారం తిరిగేసరికి ఏడు మిగిలాయి. రెక్కల్లో ఈకలు సరిగా రాకముందే మూడో నాలుగో అయ్యాయి. తక్కినవి ఏమయ్యాయంటే, గద్ద తన్నుకుపోయిందంటారు, ముంగిస కరిచిందంటారు, పిల్లి ఎత్తుకుపోయిందంటారు. ఆ మాట చెప్పి నిట్టూర్చి, మళ్లీ ఇంకో పెట్టను పొదగేస్తారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు కురవని నేల మన సోమందేపల్లె వైపుది. శెనక్కాయ పోయిన ఏడు కూడా ఇంటి ఆడవాళ్ల చేతిలో నేరుగా ఆడే డబ్బు ఈ కోళ్లదే. పిల్లాడికి జ్వరమొస్తే పెట్టను అమ్ముతారు. అల్లుడొస్తే పుంజును కోస్తారు. నాటుకోడి ఏడాదికి 60 నుంచి 80 గుడ్ల కంటే ఎక్కువ పెట్టదు. అందులో పొదగేసినవి పోగా, లేచిన పిల్లల్లో సగానికి పైగా అడవి జంతువుల పాలైతే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు. అందుకే ఈ రోజు కోళ్లకు కాపలాగా ఏ జంతువును పెట్టుకోవాలన్న విషయం మాట్లాడదామనుకున్నాను. ఊరూరా తిరిగి కోళ్లకు, కుక్కలకు టీకాలు వేసే పనిలో ఉన్నవాణ్ణి. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. "ఏ కుక్కను తెచ్చుకోమంటావు సార్? కుక్క కోళ్లను కాస్తాదా, కోళ్లనే తింటాదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. మీ కోళ్లను తీసుకుపోయేది ఎవరు? ఏ వేళకు వస్తున్నారు?

సోమందేపల్లె చుట్టూ ఊళ్ల తీరు మీకు తెలిసిందే. ఒక పక్క పెనుకొండ కొండలు, మధ్యలో 44వ నంబరు జాతీయ రహదారి, హిందూపురం దిక్కుకు మల్బరీ తోటలు. ఊరి చివరి వరుస ఇళ్ల వెనక కంపచెట్లు, వాటి వెనక వంక, ఆ పైన గుట్ట. సాగు వదిలేసిన బీళ్లలో కంప అల్లుకుపోయింది. ముంగిసకు, బావురుపిల్లికి, గుంటనక్కకు దాక్కునే చోటు మన పెరటి గోడ దాకా వచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ సంస్థ వాళ్లు, ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి గుట్టల్ని మళ్లీ పచ్చగా చేశారు. గడ్డి వచ్చింది, కుందేళ్లు వచ్చాయి, వాటి వెనక నక్కలు, తోడేళ్లు వచ్చాయి. గుట్ట పచ్చబడాలని కోరుకున్నవాళ్లం నక్క రాకూడదని కోరుకోలేం. ఈ జంతువులన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఉచ్చులు పెట్టడం, మాంసంలో విషం కలిపి పెట్టడం నేరం. నేరమన్న మాట పక్కన పెట్టినా, ఆ విషం తిని చచ్చేది ఎక్కువగా పక్కింటి కుక్క, కాకి, నెమలి. శెనక్కాయ చేన్లో ఎలుకల్ని పట్టేది కూడా ఆ నక్కే, ఆ ముంగిసే. కాబట్టి వాటిని చంపడం కాదు, మన పెరటి దాకా రానివ్వకపోవడమే మన పని.

ఇక దొంగల సంగతి. పట్టపగలు, మీ కళ్లముందే పిల్ల మాయమై, ఈక కూడా మిగల్లేదంటే అది గద్ద. మరీ చిన్న పిల్లలైతే కాకి. ఎండ పొద్దున, మధ్యాహ్నం అంతా చెట్టు నీడన కునుకు తీసే వేళ, మెడ దగ్గర కొరికి వదిలేసిన పెట్ట కనబడిందంటే ముంగిస. అది పగటి జంతువు. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు, రాత్రి గూటికి తాళం వేసి పగలు మోసపోతారు. మసక చీకట్లో, తెల్లవారుజామున ఒకే ఒక్క కోడి, పూర్తిగా ఎత్తుకుపోయి ఉంటే బావురుపిల్లి. కంచె దాకా ఈకలు చారగా రాలి ఉంటే నక్కో గుంటనక్కో. ఐదారు కోళ్లు చచ్చిపడి, ఒక్కటీ తినకుండా వదిలేసి ఉంటే అవి ఎక్కువగా ఊరకుక్కలు ఆటగా చంపినవి. గూట్లో గుడ్లు పెంకు ముక్క కూడా లేకుండా పోతుంటే పాము, నాగుపామో జెర్రిపోతో. పిల్ల చచ్చిపడి తలంతా జిగటగా తడిసి ఉంటే పాము మింగబోయి వదిలేసిందన్న మాట. పిల్లల కాళ్లు కొరికి, నేలలోని బొక్క వైపు లాగినట్టుంటే పందికొక్కు.

దుద్దేబండ దారిలో ఒక అవ్వ ఉంది. నేను వెళ్తే గంప ఎత్తి చూపించి, చచ్చిన పిల్లను అటూ ఇటూ తిప్పి, "ఇది ముంగి పని కాదు నాయనా, ముంగి అయితే మెడ పడతాది, ఇది కొక్కు" అని తేల్చేస్తుంది. నేను చదువుకున్న పుస్తకాల్లో ఉన్నది ఆమె చేతివేళ్లలో ఉంది. కాపలా జంతువు గురించి అడిగేవాళ్లందరూ మొదట ఈ అవ్వ చేసే పని చెయ్యాలని నా కోరిక. చచ్చినదాన్ని పారెయ్యకముందు ఒక్క నిమిషం చూడండి. ఎందుకంటే గద్దను కుక్క ఆపలేదు, పందికొక్కును గిన్నికోడి ఆపలేదు. దొంగ ఎవరో తెలియకుండా కాపలా పెడితే ఆ ఖర్చు వృథా.

మన కోళ్ల మందలోనే ఒక కాపలాదారు ఉన్నాడు. పుంజు. పుంజును సంక్రాంతికి అమ్మే సరుకుగానే చూస్తాం కానీ, తల పక్కకు వంచి ఒక కంటితో ఆకాశాన్ని చూస్తూ తిరిగే పుంజును ఎప్పుడైనా గమనించారా? గద్ద నీడ కనబడగానే సన్నగా, సాగదీసి, "కీ...ర్ర్" అని ఒక్క కూత కూస్తుంది. అది వినగానే పెట్టలు, పిల్లలు దగ్గర్లో ఉన్న కంప కిందికో బండి కిందికో దూరిపోతాయి, కదలవు. అదే పుంజు కుక్కనో పిల్లినో చూస్తే "కొక్, కొక్, కొక్, కొక్కొక్కోక్" అని గట్టిగా, ఆపకుండా అరుస్తుంది. అప్పుడు కోళ్లు దాక్కోవు, మెడలు నిక్కించి ఆ దిక్కు చూస్తాయి. ఆకాశం నుంచి వచ్చే ప్రమాదానికి ఒక కూత, నేల మీద వచ్చేదానికి ఇంకో కూత ఉన్నాయని, పుంజు కనబడకపోయినా ఆ కూత ఒక్కటి వినిపిస్తే చాలు కోళ్లు దానికి తగినట్టే నడుచుకుంటాయని అమెరికాలో పీటర్ మార్లర్, క్రిస్ ఇవాన్స్ వంటి శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపించారు. మన అవ్వలకు ఇది కొత్త కాదు. వంటింట్లో ఉండి కూడా ఆ కూత వినగానే "గద్ద వచ్చినట్టుంది, చూడు పో" అని పిల్లల్ని పెరట్లోకి తరుముతారు.

అందుకని పదిహేను పెట్టలున్న చోట వయసొచ్చిన పుంజు ఒకటైనా ఉంచుకోండి. పెట్టల్లో కూడా తేడా ఉంది. అసీలు రక్తం ఉన్న పెట్ట పిల్లల తల్లిగా ఉన్నప్పుడు పిల్లి మీదికి కూడా ఎగురుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజకు రంగురంగుల ఈకలు, పొడవాటి కాళ్లు ఉన్నాయి. పెరట్లో శత్రువుల కంట పడకుండా, పడినా పరుగెత్తి తప్పించుకునేందుకు అవి పనికొస్తాయి. తెల్లకోడికి ఆ అవకాశం లేదు, ఎర్రమట్టి మీద అది మైలు దూరానికి కనబడుతుంది. కానీ వనరాజ పెట్టలు మామూలుగా పొదగవు. కాబట్టి వాటి పిల్లలకు తల్లి ఉండదు, తల్లి లేని పిల్లను కూసి హెచ్చరించేవాళ్లు, రెక్క కింద దాచేవాళ్లు ఉండరు. ఒకటిన్నర నెల దాకా వాటిని లోపలే పెంచి, ఆ తర్వాతే బయటికి వదలాలి.

గిన్నికోళ్లు కూడా ఉన్నాయి. వీటిని మన వైపు ఇంకా చాలా ఇళ్లలో పెంచాలని నా అభిప్రాయం. పుట్టింది ఆఫ్రికా ఎండుభూముల్లో. ఎండకు ఓర్చుకుంటాయి, మన కోళ్లకు వచ్చే రోగాల్ని చాలావరకు తట్టుకుంటాయి, మిడతల్ని, పురుగుల్ని ఏరుకు తింటాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని మూడు రకాలు తయారుచేసింది. పాము కనబడితే చాలు, నాలుగు గిన్నికోళ్లు చుట్టూ చేరి రంపం కోసినట్టు అరుస్తాయి. కొత్త మనిషి వచ్చినా అంతే. అవి పోట్లాడవు, దొంగను తరమవు. అరుస్తాయి, అంతే. కానీ ఆ అరుపుకు లేచే కుక్క ఉంటే, ఆ జంట కంటే మంచి కాపలా నేను చూడలేదు. రెండు జాగ్రత్తలు చెబుతాను. గిన్నికోడి సరైన తల్లి కాదు, పిల్లల్ని తడి గడ్డిలో తిప్పి పోగొట్టుకుంటుంది. గుడ్లను నాటుపెట్ట కింద పెట్టండి. కోడిగుడ్డుకు 21 రోజులు చాలితే వీటికి 26 నుంచి 28 రోజులు పడతాయి, పెట్ట మధ్యలో లేచిపోకుండా చూసుకోవాలి. రెండోది, ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడుకోండి. ఆ అరుపు పసిపిల్లలున్న ఇంటికి నిజంగానే ఇబ్బంది.

పెద్దబాతుల్ని అడిగేవాళ్లున్నారు. రోము నగరాన్ని క్రీస్తుపూర్వం 390లో బాతులు అరిచి కాపాడాయన్న కథ చదివి అడుగుతారు. స్కాట్లాండ్‌లో డంబార్టన్ దగ్గర విస్కీ గోదాములకు 1959 నుంచి అర్ధ శతాబ్దం పాటు బాతులే కాపలా కాశాయి. నిజమే. కానీ వాటికి రోజూ పచ్చగడ్డి, నీళ్లు కావాలి. చెరువులు ఎండే మన ఊళ్లలో వాటిని పెంచమని నేను చెప్పను. గాడిద నక్కను, కుక్కను తరుముతుంది. గొర్రెలకైతే పనికొస్తుంది. కోళ్ల పెరట్లో దాని కాళ్ల కింద పిల్లలు పడతాయి.

ఇక కుక్క విషయానికి వద్దాం. ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే.

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చి ఉద్యోగాలు పెరిగాక, ఊళ్లలో కూడా జర్మన్ షెపర్డులు, లాబ్రడార్లు కనబడుతున్నాయి. మంచి కుక్కలే. అయితే లాబ్రడార్‌ను తరతరాలుగా పెంచింది తుపాకీతో కొట్టిన పక్షిని నోట కరుచుకు రావడానికి. ముధోల్, రాజపాళయం కుక్కలు వేటకుక్కలు, ఎదుట ఏది పరుగెత్తినా వెంటపడటం వాటి రక్తంలో ఉంది. కోడి పరుగెత్తకుండా ఉండదు కదా. మంద కాపలాకే పుట్టిన జాతులు వేరే దేశాల్లో ఉన్నాయి. ఇటలీ మారెమ్మా, టర్కీ కంగాల్, ఫ్రాన్సు సరిహద్దు కొండల పిరెనీస్ కుక్క. మందపాటి బొచ్చు, మంచు కొండలకు పుట్టిన ఒళ్లు. 40 డిగ్రీలు దాటే మన ఏప్రిల్ ఎండలో వాటిని కట్టేయడం వాటికి హింస. డబ్బు పెట్టి అలాంటివి తెప్పించుకోవద్దని చెబుతున్నాను.

మరి ఏ కుక్క? మన ఊరి కుక్కే. కానీ దాన్ని పెంచే పద్ధతి వేరు.

చార్లెస్ డార్విన్ 1833లో దక్షిణ అమెరికాలోని ఇప్పటి ఉరుగ్వే పల్లెల్లో తిరుగుతూ ఒక వింత చూశాడు. మనిషి జాడ లేని మైదానంలో పెద్ద గొర్రెల మందను ఒకటి రెండు కుక్కలు కాస్తున్నాయి. ఎలా నేర్పారని అడిగితే రైతులు చెప్పారు. కుక్కపిల్ల చిన్నగా ఉన్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రె దగ్గర పాలు తాగించి, దొడ్లోనే ఉన్నితో పడక వేసి, వేరే కుక్కలతో, ఇంటి పిల్లలతో కలవనివ్వకుండా పెంచుతారట. అది పెద్దయ్యాక గొర్రెలనే తన గుంపు అనుకుంటుంది. దాని జాతి ఏదన్న పట్టింపు ఆ రైతులకు పెద్దగా లేదు. అమెరికా ఎండుభూముల్లో నవాహో తెగ గొర్రెలకాపరులు ఇప్పటికీ కలగలుపు కుక్కలనే అలా పెంచుకుంటున్నారు. ఆఫ్రికాలో బోట్స్వానా రైతులు మనలాంటి కరువు నేల మీద బతికేవాళ్లు. అక్కడ చీతాల నుంచి మేకల్ని కాపాడేందుకు స్థానిక ఊరకుక్కలను పెట్టి చూస్తే, అవి బయటి జాతుల కంటే తక్కువ ఖర్చుతో, పనిలో ఏమాత్రం తీసిపోకుండా నిలబడ్డాయి. 2022లో మన దేశానికి తెచ్చిన చీతాలు ఆ పొరుగునున్న నమీబియావే. అక్కడా రైతులు చీతాను చంపకుండా ఉండటానికి 1994 నుంచి కాపలా కుక్కల్ని పెంచి ఇస్తున్నారు. కాపలా గట్టిగా ఉంటే అడవి జంతువు కూడా బతుకుతుంది.

కుక్కపిల్ల మనసు ఎవరి వైపు తిరుగుతుందన్నది దాని మూడో వారం నుంచి పన్నెండో వారం మధ్య నిర్ణయమవుతుంది. ఎనిమిదో వారంలో ఇంటికి తెచ్చుకుంటే నాలుగు వారాలే మీ చేతిలో ఉంటాయి. ఆ నాలుగు వారాలు అది కోళ్ల మధ్యే ఉండాలి, ఇంట్లో మంచం మీద కాదు. పిల్లను ఎంచుకునేటప్పుడు దాని మూతిని, రంగును చూడకండి, తల్లిని చూడండి. మన ఊళ్లలో కుక్క ఈనేది ఎక్కడ? గడ్డివాము పక్కన, పాత బండి కింద. దాని చుట్టే కోళ్లు గీరుకుంటూ తిరుగుతుంటాయి. కోళ్లు మీదికొచ్చినా తల ఎత్తి చూసి మళ్లీ పడుకునే తల్లి ఉంటుంది చూడండి, దాని పిల్లను తెచ్చుకుంటే సగం చదువు అయిపోయినట్టే. పొడుచుకు తినే కోడిని చూసి గుర్రుమనే తల్లి పిల్లను తేకండి.

తెచ్చాక కోళ్ల గూటిని ఆనుకుని, మధ్యలో జాలీ ఉండేలా పడక వెయ్యండి. కోళ్ల వాసన, చప్పుడు, రెక్కల టపటప దానికి మామూలైపోవాలి. తర్వాత మెడకు తాడు కట్టి, మేత వేసే వేళ పొద్దున, సాయంత్రం కోళ్ల మధ్య మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి పాఠం మీరు చెప్పనక్కర్లేదు, పిల్లల తల్లి చెబుతుంది. కుక్కపిల్ల తోక ఊపుకుంటూ ముక్కు ముందుకు చాపగానే పెట్ట ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు నేలకు దించి, సూటిగా ముక్కు మీదనే పొడుస్తుంది. పిల్ల కుయ్యిమని వెనక్కి తగ్గి మీ కాళ్ల మధ్య దూరుతుంది. దాన్ని ఓదార్చకండి, పెట్టను తరమకండి. ఆ వయసులో పడిన ఆ పోటు, పెద్దయ్యాక మీరు కర్రతో కొట్టే పది దెబ్బల కంటే బాగా గుర్తుంటుంది.

నాలుగో నెల నుంచి ఏడాదిన్నర దాకా గండం. అప్పుడది కుర్రకుక్క. చంపాలన్న కోరికతో కాదు, ఆడుకోవాలని కోడి వెంట పరుగెత్తుతుంది, కోడి పరుగెత్తితే సంబరం ఇంకా పెరుగుతుంది, నోట్లోకి వచ్చాక నలుగుతుంది. చాలామంది ఇక్కడే "ఇది కోళ్లు తినే కుక్క" అని తేల్చి వదిలేస్తారు. వదిలెయ్యాల్సింది కాదు. ఏడాదిన్నర నిండేదాకా దాన్ని కోళ్లతో ఒంటరిగా వదలకండి. మీరు లేనప్పుడు కట్టెయ్యండి, మీరున్నప్పుడు వదలండి. పరుగు మొదలవ్వగానే గట్టిగా పేరుపెట్టి పిలిచి ఆపండి, ఆగితే మెచ్చుకోండి. చచ్చిన కోడిని మెడకు కట్టే పద్ధతి ఒకటుంది మన వైపు. అది దండన తప్ప చదువు కాదు, దయచేసి మానెయ్యండి. రెండేళ్లు నిండిన కుక్కనే పూర్తిగా నమ్మాలి.

దాని తిండి విషయంలో మన ఇళ్లలో అశ్రద్ధ ఉంది. ఆకలిగొన్న కుక్క కాపలా కాదు, దొంగ. రాగి సంగటి, మజ్జిగ పొద్దునా రాత్రీ వేళకు పెట్టండి, వారానికి రెండు మూడుసార్లు ఉడికించిన మాంసం ముక్కలో గుడ్డో కలపండి. ఎర్రగడ్డలు వేసిన కూర దానికి మంచిది కాదు. కోడిని కోసిన రోజు పచ్చి పేగులు, తలకాయ దాని ముందు పడెయ్యకండి. గుడ్డు పెంకులు కూడా పెరట్లో విసరకండి, ఆ రుచి తెలిసిన కుక్క గూట్లోకి తల పెడుతుంది. రాతి తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఇంకోటి, దాన్ని మధ్యాహ్నం ఎక్కడ పడుకోబెడతారన్నది ముఖ్యం. ముంగిస తిరిగేది ఆ వేళకే. కుక్క వరండా నీడలో నిద్రపోతుంటే ముంగిస వెనక గోడ బొక్కలోంచి వచ్చి పని ముగించుకు పోతుంది. కుక్క పడకను, నీడకు వేసే పందిరిని ఆ బొక్క దగ్గరికి మార్చండి. కుక్క మూత్రం వాసన పడిన దారిన ముంగిస, పిల్లి అంత ధైర్యంగా రావు.

పక్షుల్ని కాచే కుక్క తెలుగునేలకు కొత్తదేం కాదు. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అని ఒక జాతి ఉంది. ఒంటికి అతుక్కుపోయిన పొట్టి బొచ్చు, ముడతలు పడిన నుదురు, మొరగడం తక్కువ, సాగదీసి కూయడం ఎక్కువ. బాతుల్ని మేపే రైతులు వాటిని మందలతో తిప్పేవాళ్లు. పొలాలు చేపల చెరువులైనాక ఆ కుక్కకు పని లేకుండా పోయింది. వాటిని వదిలేశారు, అవి గట్లలో బొరియలు తవ్వుకుని బతికాయి. పని తీసేస్తే మంచి జాతి కూడా ఎలా దిక్కులేనిదైపోతుందో చూడండి. జోనంగిని మళ్లీ పెంచేవాళ్లు ఇప్పుడు కొంతమంది ఉన్నారు, వాళ్ల పని నాకు చాలా ఇష్టం.

కోళ్లరైతు ఆలోచన ఎంత దూరం పోయిందో చెప్పే సంగతి ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది. వార్నంబూల్ ఊరి పక్కన మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవిలో చిట్టి పెంగ్విన్లు గూళ్లు పెడతాయి. ఆటు వేళ నీళ్లు తగ్గితే నక్కలు నడిచి దాటుకుపోయి వాటిని తినేవి. 800 దాకా ఉన్నవి 2005 నాటికి పది కూడా లేవు. అప్పుడు ఆరుబయట కోళ్లు పెంచే రైతు ఒకాయన, స్వాంపీ మార్ష్ అంటారు ఆయన్ని, తన కోళ్లను నక్కల నుంచి కాస్తున్న మారెమ్మా కుక్కను దీవి మీద పెట్టి చూడండన్నాడు. 2006లో పెట్టారు. పెంగ్విన్లు నిలబడ్డాయి, మళ్లీ పెరిగాయి. 2015లో దాని మీద సినిమా కూడా వచ్చింది. కానీ 2017లో సముద్రం ఉధృతంగా ఉండి కుక్కల్ని దీవికి చేర్చలేని రోజుల్లో నక్కలు దాటి, వందకు పైగా పెంగ్విన్లను చంపేశాయి. కుక్క ఉన్నన్ని రోజులే కాపలా. మనకూ అంతే, పెళ్లికి పోతూ కుక్కను వెంట తీసుకుపోయినా, కుక్కకు జబ్బు చేసినా, ఆ రాత్రికి గూటి తలుపే దిక్కు.

అందుకే గూడు. పెరటి కూసాల మధ్య కట్టిన గూటికి నేల మీద బండ పరచండి, పందికొక్కు కింద నుంచి తవ్వలేదు. జాలీ కళ్లలో మనిషి వేలు దూరకూడదు, వేలు దూరితే పాము దూరుతుంది. పొద్దు గుంకకముందే కోళ్లను లెక్కపెట్టి లోపల వేసి, తలుపుకు గొళ్లెం పెట్టండి. పిల్లలున్న తల్లిని గంప కింద మూసి, పైన రాయి పెట్టండి. కొక్కెర తెగులుకు టీకా వేయించారా లేదా కూడా అదే లెక్కలో చూసుకోండి. నక్కలన్నీ కలిసి ఏడాదంతా తినేదాని కంటే ఎక్కువ కోళ్లను ఆ తెగులు వారంలో తీసుకుపోతుంది, దాన్ని ఏ కుక్కా మొరిగి ఆపలేదు.

గద్దకు మాత్రం కుక్క, గూడు రెండూ చాలవు, అది పగలే, పై నుంచే వస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గద్ద తన గూట్లో పిల్లల్ని సాకే కాలం. మన కోడిపిల్లలు ఎక్కువగా లేచేదీ ఆ చలికాలం, ఎండాకాలం మొదట్లోనే. ఆ నెలల్లో మేత వేసే చోటును ఆరుబయట నుంచి వేపచెట్టో కానుగో నీడకు మార్చండి. చెట్టు లేకపోతే నాలుగు కర్రలు పాతి కంప కొమ్మలు కప్పండి, పిల్లలు దూరేంత ఎత్తు చాలు. ఎండాకాలం ముదిరేకొద్దీ మనకు జీతం లేని కాపలాదారు ఒకడు దొరుకుతాడు. నల్లగా, తోక రెండుగా చీలి, కరెంటు తీగల మీద, గేదెల వీపు మీద కూర్చుంటుంది చూడండి, పసులపోలిగాడు. ఏట్రింత అని కూడా అంటారు. దాని గూడున్న చెట్టు దగ్గరికి గద్ద వచ్చినా, కాకి వచ్చినా వెంటపడి, వీపు మీద పొడిచి పొడిచి తరుముతుంది. దాని అండ చూసుకునే పావురాలు, పిగిలిపిట్టలు అదే చెట్టు మీద గూడు పెడతాయి. పెరటి చెట్టు మీద దాని గూడు ఉంటే ఆ కొమ్మ కొట్టకండి. కొమ్మ కొట్టాలనుకుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి.

చివరగా కుక్కను పెంచేవాళ్లు తప్పక చెయ్యాల్సిన పని. కాపలా కుక్క నక్కతో, ముంగిసతో, పిచ్చిపట్టిన ఊరకుక్కతో తలపడుతుంది. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించండి, ఆ తర్వాత ఏటా. జూలై 6న, జూనోసిస్ దినం నాడు, పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. నట్టల మందు కూడా అక్కడే అడగండి. పిల్లలు వద్దనుకుంటే శస్త్రచికిత్స చేయించండి, కుక్క ఇల్లు వదిలి తిరగడం తగ్గుతుంది. మీ కుక్కయినా, ఊరకుక్కయినా, ముంగిసయినా మనిషిని కరిచినా గీరినా ఆ గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పూయొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, వాళ్లు రాసిచ్చిన తేదీల్లో అన్ని సూదులూ వేయించుకోండి. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి.